రెండుసార్లు ఉన్న పేరు

సీదా చెప్తా. నా చిన్న బిడ్డ నా పెద్ద బిడ్డను తుడిచేసింది. మంగళవారం పొద్దున పదకొండు దాటినంక, అబిడ్స్‌లో, మూడో అంతస్తు మీద. నేను పక్క కుర్చీలోనే కూచొని ఉన్న. ఒళ్లో టిఫిన్ డబ్బా ఉంది. తుడిచేటప్పుడు ఆమె నవ్వింది. నేను గూడ నవ్విన.

ఇందులో ఎవరి పేరూ రాయను. ఇద్దరిదీ ఒక్కటే పేరు. రాసినా ఏ బిడ్డ సంగతి చెప్తున్ననో మీకు తెల్వదు.

మాది మెదక్ దిక్కు. మా తాత కాలం నుంచే గుడికి పోయేటోళ్లం, యేసయ్య గుడికి. పెండ్లయినంక నాంపల్లికి వచ్చినం. మా ఆయన స్టేషన్‌లో మూటలు మోసేటోడు. స్టేషన్ వెనుక గల్లీలో ఒక్క అర్ర కిరాయికుండె. ఆ అర్రలోనే పెద్దది పుట్టింది. పదకొండు నెలలు బతికింది. జ్వరమొచ్చింది, దవాఖానకు తీస్కపోయినం, సూది ఏసిన్రు, తగ్గుతది పొమ్మన్నరు. తిరిగొచ్చేటప్పుడు నా భుజం మీదనే పోయింది. నాకు తెల్వలేదు. నిద్ర పోయిందనుకొని చెంగు కప్పుకుంట నడిచిన.

మా సంఘానికి నాంపల్లిలో చిన్న సమాధుల తోట ఉంది. గోడ పక్కన మూడో వరుసలో పెట్టినం. రాయి పెట్టే స్థోమత లేదు. అయ్యగారు పెద్ద పుస్తకం తెరిచి, అందులో రాసి, సంతకం పెట్టమ్మా అన్నడు. నాకు అక్షరం రాదు. బొటన వేలు పెట్టిన. నీలం సిరా. ఆ వేలు చాన రోజులు కడగలే. కడగకుండా వంట ఎట్ల చేసినవు అని అడగకండి. కడగలే, అంతే.

మూడేండ్లకు చిన్నది పుట్టింది. మా అత్త ఊరి నుంచి వచ్చి బిడ్డను చూసి, పోయిందే మళ్ల వచ్చింది, అదే పేరు పెట్టున్రి అన్నది. మా దిక్కు గట్ల పెట్టే రివాజు ఉంది. దానికి ఒక షరతు ఉంది. ముందొకతి ఉండె అని ఆ పిల్ల చెవిన పడొద్దు. పడితే, ముందుదాని కోసం వచ్చిన సావు దీని కాడికి గూడ తోవ కనుక్కుంటదట. గుడికి పోయేటోళ్లు ఇవన్ని నమ్మొద్దని అయ్యగారు చెప్తనే ఉండె. మేము తల ఊపుతనే ఉంటిమి, నమ్ముతనే ఉంటిమి. మా ఆయన ఆ మాట నోట్లో పెట్టుకొనే పోయిండు. నేను ఇంకో అడుగు ముందుకు పోయిన. బాప్తిస్మంలో ఆ పేరు పెట్టనిచ్చిన గానీ, ఇంట్ల ఆ పేరుతో పిలవలేకపోయిన. బిడ్డా. ఏయ్ పిల్లా. ఇటు రా. గిట్లనే ఇరవై ఆరేండ్లు గడిపిన.

చదువు సంగతి చెప్పాలె. నలభై ఐదు దాటినంక నేర్చుకున్న. గుడి ఆఫీసులో ఊడ్చే పని నాది. మధ్యాహ్నాలు అక్కడ ఆడోళ్లకు చదువు చెప్పేటోళ్లు. ఊడ్చుడు అయినంక నేను గూడ కూచున్న. చిన్నది అప్పుడు ఇంటర్ చదువుతున్నది. నా పలక చూసి, “అమ్మా, నీ క్ష తేలు లెక్క ఉన్నది, కుడుతది జర జాగ్రత్త” అనేది. అక్షరాలు వచ్చినంక నాకు పిచ్చి పట్టినట్టయింది. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడిచి, చెప్పుల దుకాణం, మందుల దుకాణం, పండ్ల డాక్టరు, అన్ని బోర్డులూ పైకే చదివిన. ఏ కాయితం దొరికినా చదువుతా. బస్సు టికెట్ గూడ చదువుతా, చదివి దాచుకుంటా. ఇప్పటికీ ఆ ఆదత్ పోలే.

చదువు వచ్చిన కొత్తల ఒకనాడు ఆఫీసులో ఎవరూ లేరు. ఇనుప బీరువా తెరిచి సమాధుల పుస్తకం కిందికి దించిన. నా వేలి గుర్తు కోసం ఎతికిన. ఎన్నో వేళ్లున్నయి అందులో. అందరివీ ఒక్క తీరుగనే ఉన్నయి. చివరికి అక్షరాలతోనే దొరికింది. కూడబలుక్కొని చదివిన. తండ్రి పేరు. తల్లి పేరు. బిడ్డ పేరు. వయసు పదకొండు నెలలు. మూడో వరుస, పదకొండో జాగ. ఆ పేరు రాసి ఉండగ చూసుడు అదే మొదటిసారి. కింద నా వేలు. చీపురు పక్కన పెట్టి నేల మీద కూచున్న. ఆ తర్వాత నెలకోసారి బీరువా దుమ్ము దులిపేటప్పుడు ఆ పేజీ తెరిచి, చూసి, మూసేటిదాన్ని. గంతకంటే ఎక్కువేం చేయలే.

కొన్నేండ్లకు సంఘం పెద్దలు పుస్తకాలన్ని కంప్యూటర్‌లో ఎక్కియ్యాలన్నరు. ముసలి అయ్యగారి చేతిరాత ఎవరికీ సమజ్ కాదు. నాకు సమజ్ అయితది. ఆ రాత మీదనే గదా నా చదువు గట్టిపడ్డది. అందుకని నన్ను కూచోబెట్టి చదవమన్నరు, సంఘంలో ఒక అమ్మాయి టైపు కొట్టింది. మా వంతు వచ్చింది. అన్ని పేర్లు చదివిన గొంతుతోనే చదివిన. “వయసు పదకొండు నెలలు” అన్న. ఆ అమ్మాయి, “ఆంటీ, ఇందుల ఏండ్లే పడుతయి, నెలలు పట్టయి. ఖాళీ ఇడుస్త” అన్నది. ఇడువు అన్న.

ఆ వానకాలమే ఆఫీసు స్లాబు కారింది. బీరువా నిండ నీళ్లు. ఎన్ని రోజులు నానిందో ఎవరూ చూడలే. తెరిచేసరికి సమాధుల పుస్తకం ముద్దయింది. సంఘం సెక్రటరీ సారు, “పోనీ తియ్. కంప్యూటర్‌ల ఉన్నది గదా” అన్నడు. ఆ మాటకు నేను ఊపిరి పీల్చుకున్న. ఔ, ఉన్నది గదా అనుకున్న.

ఆ కంప్యూటర్ పని మా చిన్నదాని కంపెనీకే వచ్చింది. అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్‌ల మూడో అంతస్తు, నలుగురు మనుషులు, ఒక సారు. కాలేజీలవి, దవాఖానలవి రికార్డులు చూసుకునే పని. డేటాబేస్ అంటరు. ఏందది అని అడిగిన.

“రిజిస్టర్లే అమ్మా. ఒకదాంట్ల మనుషులు, ఒకదాంట్ల బాప్తిస్మాలు, ఒకదాంట్ల సమాధులు. మనిషి దగ్గర నుంచి సమాధికి దారం కట్టి ఉంటది. మనిషిని పడితే సమాధి దొరుకుతది.”

“ఏడుంటయి ఆ రిజిస్టర్లు? ఈ డబ్బాలనా?”

“ఈడ కాదు. క్లౌడ్‌ల.”

“అంటే?”

“వేరేటోళ్ల మిషన్లు ఏడనో పెద్ద బిల్డింగుల ఉంటయి. మనం అందుల కిరాయికుంటం.”

కిరాయి అనంగనే నాకు పూరా సమజ్ అయింది. పుట్టినకాడి నుంచి మేము కిరాయికే ఉన్నం. సచ్చినోళ్లు గూడ కిరాయికే పోయిన్రు అనుకున్న.

ఆమె పని తప్పు పట్టను. మంచిగ చేస్తది. సంఘంలో ఒక పేరు ఎతకాలంటే మిషన్ తిరుగుత తిరుగుత సెక్రటరీ సారు చాయ అయిపోయేదట. ఆమె ఏదో చేసినంక చిటికెలో వస్తున్నది. ఏం చేసినవు అంటే, “సుల్తాన్ బజార్‌ల గాజుల దుకాణం చూడలే? డబ్బా మీద లోపలి గాజు ఒకటి అతికిస్తరు. అన్ని డబ్బాలు తెరిచే పని ఉండదు. నేను గూడ గట్లనే బయట ఒక గాజు అతికిచ్చిన” అన్నది. గిట్ల చెప్తే ఎవరికి తెల్వకుంటది?

ఇగ ఆ మంగళవారం. ఆమె టిఫిన్ మరిచిపోతే ఇచ్చి పోదామని పోయిన. “మంచిగ వచ్చినవు, కూచో. డబల్ డబల్ ఎక్కిన పేర్లు తీసేస్తున్న. నీకు సంఘంల అందరు తెలుసు గదా” అన్నది. రెండు ఇడ్లీలు తినుకుంట ఒక్కొక్క జత చూపిచ్చింది. ఒకే తండ్రి, ఒకే తల్లి, ఒకే పేరు.

“ఈయన?”

“ఒక్కడే. బోరబండకు పోయిన ఆయన.”

“ఈమె?”

“ఒకతే. రెండుసార్లు కొట్టిన్రు.”

“గుడ్డిగ తీస్తలేను చూడు, ఒక్కొక్కటి అడిగే తీస్తున్న” అన్నది. నిజమే. పది పన్నెండు అడిగింది. అన్నీ సరిగ్గనే చెప్పిన. తర్వాత పకపక నవ్వింది.

“అమ్మా! నేను సచ్చిపోయిన్నట! చూడు, నాయిన పేరు, నీ పేరు, నా పేరు. సమాధుల తోట, మూడో వరుస!”

పక్క టేబుల్ కాడి నుంచి సారు, “అయితే ఈ నెల నుంచి జీతం బంద్” అన్నడు. అందరు నవ్విన్రు.

“పని మాత్రం బంద్ కాదు సార్, దయ్యమై చేస్త” అన్నది ఆమె. నా దిక్కు తిరిగి, “వయసు గూడ ఎయ్యలే. ఎవరో తప్పు కొట్టిన్రు గదా అమ్మా?” అన్నది.

నా నోట్లో ఇరవై ఆరేండ్ల మాట ఉంది. అత్త షరతు ఉంది. బిడ్డ నవ్వు మొఖం ముందల ఉంది. నేను గూడ నవ్వి, “ఔ” అన్న.

నొక్కింది. లైన్ పోయింది. దారం కట్టి ఉంది గనుక సమాధి లైన్ గూడ దానెంబడే పోయిందట, ఆమెనే చెప్పింది. పోయినంక ఒక కాయిదా రాసింది మిషన్‌కు: ఒకే తండ్రి, ఒకే తల్లి, ఒకే పేరు రెండోసారి రానియ్యొద్దని. రాసి, చేతులు దులుపుకొని, “ఇగ మళ్ల ఎవరూ నన్ను సంపలేరు” అన్నది.

నేను డబ్బా మూసి, మెట్లు దిగి, కోఠి పోయే బస్సెక్కిన. కోఠిలో నాకేం పని లేదు.

ఆ నాలుగు రోజులు నన్ను నేనే సముదాయించుకున్న. రాసి ఉంటేంది, లేకుంటేంది. దేవుని పుస్తకంలో ఉండదా. జాగ ఉన్నది గదా, ఏడికి పోతది. ఆదివారం గుడిలో సెక్రటరీ సారు లేచి చెప్పిండు. సమాధుల తోటలో జాగ లేదు. కొత్తగా పోయినోళ్లను ఏడ పెట్టాలె? అందుకని కంప్యూటర్ లిస్టు తీసి బుధవారం గేటుకు అతికిస్తం. లిస్టులో లేని జాగ ఖాళీ జాగ కిందే లెక్క. గురువారం నుంచి తవ్వుతం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పాలె.

పాట మొదలయింది. అందరు లేచిన్రు. నేను కూచునే ఉన్న.

సోమవారం పొద్దుగాల సమాధుల తోటకు పోయిన. సెక్రటరీ సారు కచ్చా లిస్టు పట్టుకొని వరుసలు చూస్తున్నడు. ఖాళీ అనుకున్న కాడ సున్నంతో గుర్తు ఏపిస్తున్నడు. గోడ పక్క పదకొండో జాగ మీద తెల్లగా గుర్తు పడి ఉంది. సున్నం ఇంకా తడి ఆరలే.

“సార్, గీడ ఉన్నరు” అన్న.

“ఎవరమ్మా?”

“ఒక చంటిపిల్ల.”

“ఎవరి పిల్ల?”

 ఆయనకు చెప్తే పొద్దూకకముందే చిన్నదానికి చెప్తడు. ఇద్దరు వారానికి నాలుగుసార్లు ఫోన్‌లో మాట్లాడుకుంటరు.

“ఎవరో పాతోళ్ల పిల్ల సార్.”

ఆయన చెడ్డోడు కాదు. కాయితం మడిచి, “అమ్మా, పొద్దటి సంది పది మంది గిట్లనే చెప్పిన్రు. గీడ ఉన్నరు, గాడ ఉన్నరు. ఎవరని అడిగితే చెప్పరు. నేనేం చేయాలె? లిస్టుల ఉంటే ఉన్నట్టు. లేకుంటే ఎవరో చెప్పున్రి, రాసుకుంట” అన్నడు. ఎవరో చెప్పుడే గదా. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పలేక గేటు దాటి బయటికొచ్చిన.

అక్కడి నుంచి సీదా ఆఫీసు బీరువాకు పోయిన. ముద్దయిన పుస్తకాన్ని పారెయ్యలే, నేనే గుడ్డల చుట్టి పెట్టిన. చాకు తెచ్చి పేజీ నుంచి పేజీ లేపిన. కొన్ని ఊడి వచ్చినయి, కొన్ని పొడి పొడి అయినయి. పేజీ లెక్క నాకు వేళ్లకే తెలుసు. ఆ పేజీ కాడికి వచ్చిన. మెల్లగ లేపిన. అంతా ఒక్కటే నీలం. సిరా అంతా కరిగి నీళ్లతో కలిసి ఆరిపోయింది. పేరు లేదు, వేలు లేదు. నీలం మరక మీద నా వేలు ఒత్తి చూసిన. పొడి బట్ట మీద ఒత్తినట్టే ఉన్నది, ఏం అంటలే.

మధ్యాహ్నం అబిడ్స్ పోయిన. చిన్నది బయట దవాఖాన పని మీద పోయిందని తెలిసే పోయిన. సారు ఒక్కడే ఉన్నడు. ఆయన నల్గొండ దిక్కు మనిషి, నన్ను మంచిగ చూస్తడు.

“సార్, తుడిచిన లైన్ మళ్ల తేవచ్చునా?”

“తేవచ్చమ్మా. బ్యాకప్ ఉంటది. ఏ రోజుకు, ఏ టైముకు కావాలంటే ఆ టైమున ఎట్లుండెనో గట్ల ఇంకో కాపీ లేస్తది.”

నా ప్రాణం లేచొచ్చింది. “ఎప్పటిదైనానా?”

“ఎప్పటిదైనా అంటే గాదు. ఏడు రోజులు. మీ సంఘమోళ్లే బిల్లు తగ్గియ్యమన్నరు, అందుకని ఏడే పెట్టినం. ఎనిమిదో రోజుకు పాతది దానంతటదే పోతది.”

“మంగళవారం పదకొండుకు తుడిచింది…”

“రేపు పదకొండు దాకా ఉంటది. దాటితే నాకు గూడ చేతకాదు. ఏం పోయిందమ్మా?”

“ఒక పేరు. మా బిడ్డకు తెల్వకుంట తీస్తరా సార్?”

ఆయన కుర్చీ తిప్పి నా మొఖం చూసిండు. “అమ్మా, ఎవరు తెరిచిన్రు, ఎవరు తీసిన్రు, ఎవరు పెట్టిన్రు, అన్నీ పేరుతోని రాసుకుంటది అది. మీ బిడ్డ పని మీద ఆమెకు చెప్పకుంట చేయి పెడితే రేపు ఆమె నా మొఖాన ఏం అడుగుతది? ఆమెకే చెప్పున్రి. ఏమనది.”

ఏమనదట.

ఇంటికొచ్చిన. ఆమె వచ్చింది, తిన్నది, పండుకున్నది. మూడుసార్లు బిడ్డా అన్న. ఏందమ్మా అన్నది. ఏం లేదన్న. పిచ్చి భయం ఒకటి నన్ను పట్టుకుంది. చెప్తే, ఆ వచ్చేది దీనికి తోవ కనుక్కుంటది. చెప్పకుంటే, పెద్దదాని మీద గురువారం గడ్డపార దిగుతది. ఇద్దరిలో ఒకదాన్ని ఎంచుకోవాలె. సచ్చినదాన్ని ఇడిసి బతికినదాన్ని చూసుకో అని చెప్పుడు అల్కగ ఉంటది. నేను గూడ వేరేటోళ్లకు చెప్పిన మాటే అది. నాకు నేనే చెప్పుకుంటే ఎక్కలే.

మంగళవారం తెల్లారింది. ఆమె తొమ్మిదిన్నరకు బయలుదేరాలె. తలకాయ నొస్తుందని లేటు చేసింది. పది దాటింది. చెప్పులు తొడుక్కున్నది. నేను ఎంబడి నడిచిన.

“నువ్వేడికి?”

“నీతోనే.”

“ఆఫీసు కాడ ఏం పని?”

గల్లీ చివర, మెట్రో స్తంభం కాడ, ఆమె చెయ్యి పట్టుకొని ఆపిన. ఆటోలోళ్లు హారన్ కొడుతున్నరు. జామకాయలామె బండి మీద ఉప్పు కారం కలుపుతున్నది. అంత మందిలో చెప్పిన.

“పోయిన మంగళవారం నువ్వు తీసినవు చూడు, నువ్వు సచ్చిపోయినవని ఉన్న లైన్. తప్పు కొట్టింది కాదు.”

“ఆ?”

“అది నువ్వు కాదు. నీ అక్క.”

“ఎవరి అక్క?”

“నీ అక్క. నీకన్న ముందు పుట్టింది. అదే పేరు. పదకొండు నెలలకు పోయింది.”

ఆమె ఏడుస్తదనుకున్న, తిడుతదనుకున్న.  “నేను ఎన్నిటికి తీసిన?” అన్నది.

“ఏంది?”

“టైమ్ అమ్మా, టైమ్! ఏడు రోజులే ఉంటది. తీయకముందు టైమ్ కావాలె నాకు. ఎన్నిటికి?”

నేను కొంగు ముడి విప్పిన. కోఠికి పోయిన బస్సు సున్నా టికెట్ ఉన్నది, ఆడోళ్లకు ఫుకట్‌గ ఇచ్చేది. దాని మీద టైమ్ ఉంటది. పదకొండు ఇరవై ఆరు. చదివి చూపిచ్చిన.

“దిగి బస్సెక్కుడు ఎంతసేపయింది?”

“పది నిమిషాలు. ముందల నువ్వు కాయిదా రాసినవు, చాయ తాగినవు.”

“అంటే పదకొండు లోపల్నే అడగాలె” అని ఫోన్ చూసుకున్నది. పదిన్నర కావస్తున్నది. నడిస్తే పావుగంట. ఆమెకు ఓపిక లేదు, ఆటో ఎక్కిచ్చింది. ఆటో నూరు గజాలు పోయి ఆగింది. ముందల బస్సొకటి అడ్డం తిరిగి ఉన్నది. ఆమె దిగి ఉరికింది. నేను వెనుక ఉరికిన. ఈ వయసులో అబిడ్స్ రోడ్డు మీద చెప్పులు చేతిల పట్టుకొని ఉరికిన. దుకాణాలోళ్లు చూసిన్రు. చూడనియ్.

లిఫ్టు పని చేస్తలేదు. నేను మూడో అంతస్తు ఎక్కేసరికి ఆమె కూచొని కొడుతున్నది. సారు లేచి, “ఏమైంది?” అన్నడు.

“రీస్టోర్ సార్. నా తప్పు.”

నా తప్పు అన్నది. నా దిక్కు చూడలే. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. పదిహేను తక్కువ పదకొండు. తెర మీద ఒక మాట వచ్చి ఆగింది, చుట్టుకుంట ఉన్నది. ఎంతసేపు పడుతది అన్న.  సారే, “మొత్తం కొత్త మిషన్ లేవాలమ్మా, టైమ్ పడుతది. పట్టుకున్నది, ఇగ పోదు” అన్నడు. పట్టుకున్నదంటే నాకు నమ్మకం లేదు. నా భుజం మీద గూడ పట్టుకొనే ఉంటిని.

పదకొండయింది. పదకొండుంబావు అయింది. చాయ వచ్చింది, ఎవరూ తాగలే. చివరికి తెర మారింది. ఆమె పేరు కొట్టింది, తన పేరే. రెండు లైన్లు వచ్చినయి. ఒకదాని పక్కన మూడో వరుస, పదకొండు.

ఆమె పైకి చదివింది. అందరి లైన్లు చదివిన గొంతుతోనే చదివింది. నేను ఎట్ల చదివిన్నో గట్లనే. చదివి, “వయసు ఖాళీ ఉన్నది” అన్నది.

“నెలలు పట్టయన్నరు.”

 ఆ లైన్ తీసి అసలు రిజిస్టర్‌లో పెట్టబోయింది. మిషన్ ఒప్పుకోలే. ఎర్రగా ఏదో వచ్చింది.

“ఏమంటుంది బిడ్డా?”

“ఈ మనిషి ముందే ఉన్నది అంటుంది.” తల పట్టుకున్నది. “నేనే పెట్టిన గదా కాయిదా. ఒక్క పేరు ఒక్కతే అని.”

సారు మెల్లగ, “ఆమె పేరు వెనుక ఒకటి అని పెడితే ఒప్పుకుంటది” అన్నడు.

“పేరు మార్చను సార్” అన్నది. కాయిదానే తీసేసింది. మళ్ల పెట్టింది. ఒప్పుకుంది. సమాధి లైన్ తెచ్చి దారం కట్టింది. అన్నీ అయినంక చేతులు ఒళ్లో పెట్టుకొని ఆ రెండు లైన్లు చూసుకుంట కూచున్నది. సారు ఫోన్ వచ్చినట్టు బయటికి పోయిండు.

“నాయినకు తెలుసా? అవును, తెలుసు లే. నానమ్మకు?”

“నానమ్మే పేరు పెట్టింది.”

“అందరికి తెలుసు. నేను నవ్వుకుంట తీసేటప్పుడు నువ్వు పక్కనే ఉంటివి. నువ్వు గూడ నవ్వినవు.”

“నవ్విన.”

“చిన్నప్పటి సంది చూస్తున్న, నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలవలే నువ్వు. నీకు నోరు తిరగదేమో అనుకున్న. దోస్తులకు గూడ గదే చెప్పిన, మా అమ్మకు చదువు లేదు, నోరు తిరగదని.” కుర్చీ నా దిక్కు తిప్పింది. “పిలువు. ఇప్పుడు.”

పిలిచిన. ఎన్నేండ్లకో ఆ పేరు పిలుపు లెక్క నా నోట్ల నుంచి వచ్చింది. వచ్చుడే పాత తీరుగ వచ్చింది. మధ్యల సాగదీసి, చివర కొద్దిగ ఊపి, చంటిదాన్ని భుజం మీద ఏసుకొని తట్టుకుంట పిలిచే తీరుగ. ఆపుకోలేకపోయిన. గొంతు దానికదే తెలిసినట్టు గట్ల పోయింది.

ఆమె విన్నది. “నన్ను కాదు” అన్నది. మిషన్ మూసి, బ్యాగు పట్టుకొని, మెట్లు దిగిపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చినంక నాతో మాట్లాడలే. అన్నం పెడితే తిన్నది. కరెంటు బిల్లు వచ్చిందంటే కట్టింది. మాట లేదు. ఏ జ్వరం వస్తదో, ఏ బండి గుద్దుతదో అని నేను పొద్దూకేదాక గల్లీ మొగదల నిలబడ్డ. అది ఇంట్లకు రాంగనే పోయి పొయ్యి ముందల కూచున్న. చెప్పినందుకు ఏమన్న అయితదా అని భయం. చెప్పకుండా ఇన్నేండ్లు ఉన్నందుకు అయింది గిదే గదా అని ఇంకో భయం.

బుధవారం మధ్యాహ్నం గేటు కాడికి పోయిన. లిస్టు అతికిచ్చి ఉన్నది. మంది గుమిగూడిన్రు. నేను వేలు పెట్టి పైనుంచి చదువుకుంట వచ్చిన. మూడో వరుస. తొమ్మిది. పది. పదకొండు. పేరు ఉన్నది. దాని పక్కన, వయసు గడి దాటినంక ఇంకో గడిలో, 11 నెలలు అని ఉన్నది.

పోయిన లిస్టులో నెలల గడి లేదు. నేనే చూసిన, సెక్రటరీ సారు చేతిల. ఆ గడి మా చిన్నది కొత్తగ చేసింది. నాకు చెప్పలే. ఎవరికీ చెప్పినట్టు లేదు. లిస్టు అంతటికి ఆ గడి నిండినది ఒక్క లైనే. మిగిలిన పసిపిల్లలందరికీ ఆ గడి ఖాళీగనే ఉన్నది. నా పక్కన ఒక ముసలామె నిలబడి, చదువు రాదు పాపం, “అమ్మా, మా పిల్లగానిది ఉన్నదా జర చూడు, ఎనిమిది నెలలోడు” అన్నది. చూసిన. ఉన్నది. గడి ఖాళీ ఉన్నది. రాయిస్త అని చెప్పిన.

గోడ కాడికి పోయి కాలితోనే సున్నం గుర్తు చెరిపిన. సున్నం ఆరి గట్టిపడ్డది. చాన సేపు పట్టింది.

ఇంటికి వస్తుంటే తోవ పొడుగునా ఆ పేరు అనుకుంట వచ్చిన. సాగదీయకుండా. ఊపకుండా. బడిలో పంతులమ్మ హాజరు పిలిచినట్టు, దవాఖానలో నర్సు పిలిచినట్టు, పెరిగిన మనిషిని పిలిచినట్టు. జామకాయలామె నన్ను చూసి, “ఎవలను పిలుస్తున్నవమ్మా?” అన్నది.

తలుపు దగ్గరికి ఏసి ఉంది. లోపల ఆమె ఇంటి నుంచే పని చేస్తున్నది, టకటక వినబడుతున్నది. చెప్పులు ఇడిసి గడప బయటనే నిలబడి పిలిచిన, పేరు పెట్టి.

టకటక ఆగింది.

 నేను అట్లనే నిలబడ్డ. టకటక మళ్ల మొదలు కాలే.